సీపీఆర్ ఎక్కడ నేర్చుకోవాలి: విద్యార్థులు శిక్షణ ఎంచుకునే ముందు

గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి ప్రాణం నిలిపే ప్రయత్నమే సీపీఆర్. నా దగ్గర మూడు సీపీఆర్ సర్టిఫికెట్లు ఉన్నాయి. మొదటిది బీటెక్ రెండో సంవత్సరంలో వచ్చింది. ఆడిటోరియంలో ఆరేడు వందలమందిమి కూర్చున్నాం. స్టేజీ మీద ఒకే ఒక్క బొమ్మ. వచ్చిన డాక్టరు గారు చాలా శ్రద్ధగా చెప్పారు, స్క్రీన్ మీద వీడియో కూడా వేశారు. చివర్లో ముందు వరసలో ఉన్న పదిమందిని పిలిచి తలా పదిసార్లు నొక్కించారు. నేను వెనక వరసలో ఉన్నాను. సాయంత్రానికి అందరి చేతికీ సర్టిఫికెట్ వచ్చేసింది.

ఆ తర్వాత ఐదు నెలలకు, చుట్టాల పెళ్ళిలో భోజనాల దగ్గర మా పెదనాన్న కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయారు. కాళ్ళూ చేతులూ ఒక్కసారి కొట్టుకున్నాయి. "ఫిట్స్, ఫిట్స్" అన్నారెవరో. ఇంకొకరు ఆయన గుప్పిట్లో తాళాలగుత్తి పెట్టారు. ఆయన నోరు తెరిచి, ఉండుండి ఒకసారి, గురకలాంటి చప్పుడుతో గాలి లాగుతున్నారు. "ఊపిరుంది, ఏం కాదు" అని అందరం ఒకరికొకరం ధైర్యం చెప్పుకుంటూ అంబులెన్స్ కోసం రోడ్డువైపు చూస్తూ నిలబడ్డాం. అది ఊపిరి కాదు, ఎగశ్వాస. గుండె ఆగిన తర్వాత మొదటి కొన్ని నిమిషాల్లో చాలామందిలో అలా కనిపిస్తుంది. మొదట్లో ఫిట్స్‌లా కొట్టుకోవడం కూడా ఉంటుంది. ఈ రెండూ నాకు ఆ మరుసటి ఏడాది, రెండో శిక్షణలో తెలిశాయి. పెదనాన్న మాకు దక్కలేదు. సర్టిఫికెట్ ఉన్న మనిషిని ఆ పందిట్లో నేనొక్కడినే.

కాబట్టి ఏ కోర్సు మంచిది అని ఎవరు అడిగినా నేను ముందు అడిగేది ఒకటే. అక్కడ మీ చేతులు బొమ్మ మీద ఎంతసేపు ఉంటాయి? తప్పు నొక్కితే "ఇలా కాదు" అని సరిదిద్దేవాళ్ళు పక్కన ఉంటారా? కోర్సు పేరు, ఫీజు, సర్టిఫికెట్ మీది లోగో, ఇవన్నీ దాని తర్వాతే.

ముందు ఒక తేడా తెలియాలి

గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు. గుండెపోటులో రక్తనాళం పూడుకుపోతుంది. మనిషికి ఛాతీలో బరువు, చెమటలు, ఎడమచెయ్యి లాగడం, కొందరికైతే గ్యాస్ పట్టినట్టు ఉండటం. ఆయన మాట్లాడుతూనే ఉంటాడు. ఆయనకు సీపీఆర్ చెయ్యకూడదు. కూర్చోబెట్టి, నడవనివ్వకుండా, 108కి ఫోన్ చేసి, ఆస్పత్రికి చేర్చాలి. గుండె ఆగిపోయిన మనిషి పిలిస్తే పలకడు, మామూలుగా ఊపిరి తీసుకోడు. సీపీఆర్ ఆయనకే. గుండెపోటు ముదిరి గుండె ఆగే ప్రమాదం ఉంటుంది కాబట్టి మొదటిదాన్ని గుర్తుపట్టడం కూడా శిక్షణలో భాగం కావాలి. గుండెనొప్పి వస్తే గట్టిగా దగ్గితే చాలు, మీకు మీరే సీపీఆర్ చేసుకున్నట్టే అని వాట్సాప్‌లో ఏళ్ళ తరబడి తిరుగుతున్న మెసేజ్‌ని దయచేసి ఎవరికీ పంపకండి. దగ్గుతూ కూర్చుంటే ఆస్పత్రికి వెళ్ళాల్సిన సమయం పోతుంది.

సీపీఆర్‌లో సమయం ఎంత తక్కువో చెప్పే లెక్క ఒకటుంది. గుండె ఆగాక ఎవరూ ఏమీ చెయ్యకపోతే బతికే అవకాశం నిమిషానికి దాదాపు 7 నుంచి 10 శాతం తగ్గిపోతూ ఉంటుంది. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. 108 సర్వీసు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై ఎన్నో ప్రాణాలు కాపాడింది. అయినా ఎంత వేగంగా వచ్చే బండికైనా ట్రాఫిక్ ఉంటుంది, పల్లెల్లో దూరం ఉంటుంది. ఆ మధ్య నిమిషాలు పక్కనున్న మనిషివి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ దగ్గర రోడ్డు మీద కుప్పకూలిన ఒకాయనకు డ్యూటీలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబుల్ ఛాతీ నొక్కి ప్రాణం పోసిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ తర్వాత కొద్ది రోజులకే, మార్చి 1న, మేడ్చల్ దగ్గర, 108 నడిపే ఈఎంఆర్ఐ సంస్థలో తెలంగాణ ప్రభుత్వం సీపీఆర్ శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టింది.

యూట్యూబ్ వీడియో సరిపోతుందా?

ఏమీ లేనిదానికంటే నయం. ఎలా గుర్తుపట్టాలి, చెయ్యి ఎక్కడ పెట్టాలి అన్నది వీడియో చూసి తెలుసుకోవచ్చు. కానీ 5 సెంటీమీటర్ల లోతు అంటే ఎంత బలమో వీడియో చెప్పలేదు. మొదటిసారి బొమ్మ మీద నొక్కిన ప్రతి ఒక్కరూ అనేది ఒకటే, "ఇంత గట్టిగానా?" అని. ఆ ఆశ్చర్యం బొమ్మ దగ్గరే తీరిపోవాలి. నిజం మనిషి దగ్గర తీర్చుకునే టైమ్ ఉండదు. ఒక హెచ్చరిక కూడా. వీడియో చూసి హాస్టల్ రూమ్‌లో ఫ్రెండ్ ఛాతీ మీద ప్రాక్టీస్ చెయ్యకండి. కొట్టుకుంటున్న గుండె మీద అలా నొక్కడం ప్రమాదం. చేతులు, మోచేతులు ఎలా పెట్టాలో గట్టి దిండు మీద చూసుకోండి, అంతవరకే.

ఆడిటోరియం డెమో గురించి పైనే చెప్పాను. మీ కాలేజీలో పెడితే వెళ్ళండి, వినండి. నేర్చుకున్నామని మాత్రం అనుకోకండి.

సీఓఎల్ఎస్: ఎక్కువమంది విద్యార్థులకు నా ఓటు దీనికే

కంప్రెషన్ ఓన్లీ లైఫ్ సపోర్ట్ అంటే నోటితో ఊపిరి ఊదే పని లేకుండా కేవలం ఛాతీ నొక్కడం. మన దేశంలోని మత్తు వైద్యుల సంఘం, ఇండియన్ సొసైటీ ఆఫ్ అనస్థీషియాలజిస్ట్స్, 2017లో మన పరిస్థితులకు తగ్గట్టు మార్గదర్శకాలు తయారుచేసింది. మామూలు జనానికి సీఓఎల్ఎస్, ఆస్పత్రి బయట వైద్య సిబ్బందికి బీసీఎల్ఎస్, ఆస్పత్రి లోపల సీసీఎల్ఎస్ అని మూడు అంచెలు. ఇండియన్ రిససిటేషన్ కౌన్సిల్ పేరుతో నడిచే ఈ శిక్షణల్లో మొదటి అంచె రెండు గంటల్లో అయిపోతుంది. కాలేజీలకు, పోలీసులకు, కాలనీ సంఘాలకు చాలాచోట్ల డబ్బు తీసుకోకుండానే నేర్పుతారు.

నా రెండో సర్టిఫికెట్ ఇదే. ఆరుగురికి ఒక బొమ్మ. మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఛాతీ మధ్యలో, రొమ్ము ఎముక కింది సగం మీద అరచేతి మడమ, అంటే మణికట్టు పక్క భాగం, పెట్టి, దాని మీద రెండో చెయ్యి వేసి నొక్కాను. బొమ్మలోంచి చప్పుడు రాలేదు. సరిపడా లోతుకి నొక్కితే ఆ బొమ్మలో "టక్" మంటుంది. మళ్ళీ నొక్కాను, రాలేదు. నేర్పుతున్న మేడమ్ నా మోచేతులు రెండూ పట్టుకుని నిటారుగా చేశారు. "చేతులతో కాదు నాన్నా, నీ ఒంటి బరువుతో నొక్కు. భుజాలు సరిగ్గా అరచేతుల మీదకి రావాలి" అన్నారు. ముందుకు వంగాను. టక్. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ తర్వాత నా వీపు మీద చెయ్యి వేసి, ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి లేచేదాకా ఆగుతున్నానా లేదా అని చూశారు. నొక్కడమే కాదు, వదలడం కూడా పనే. వదిలినప్పుడే గుండెలోకి మళ్ళీ రక్తం వస్తుంది. ఈ ముక్క వీడియోలో పదిసార్లు విన్నాను. ఆ రోజే తెలిసింది.

ఇంకో సంగతి కూడా ఆవిడే చెప్పారు. నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు పడాలి. అంటే 30 నొక్కులకు 15 నుంచి 18 సెకన్లు. తెలుగులో ముప్పైదాకా వరసగా లెక్కపెడితే "ఇరవై మూడు, ఇరవై నాలుగు" దగ్గరికి వచ్చేసరికి మాట పొడుగై చెయ్యి నెమ్మదిస్తుంది. అందుకని ఒకటి నుంచి పదిదాకా మూడుసార్లు లెక్కపెట్టించారు. ఎవరికైనా నేర్పేటప్పుడు నేనిప్పటికీ అదే చెప్తాను.

రెండు నిమిషాలకే చెమటలు పట్టేశాయి. అందుకే రెండు నిమిషాలకోసారి మనిషి మారాలంటారు. హాస్టల్‌లో ఒక్కడికి తెలిస్తే సరిపోదు, రూమ్‌లో ఇద్దరికి తెలియాలి అనడానికి కారణం కూడా ఇదే.

ఊపిరి ఊదకపోతే లాభం ఉంటుందా అని అనుమానం రావచ్చు. పెద్దవాళ్ళు ఉన్నట్టుండి కుప్పకూలినప్పుడు రక్తంలో అప్పటికింకా ఆక్సిజన్ ఉంటుంది. దాన్ని మెదడుకు తోసేవాళ్ళు లేకపోవడమే సమస్య. శిక్షణ లేని వాళ్ళు ఛాతీ నొక్కితే చాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా 2008 నుంచి చెప్తోంది. మనదగ్గర ముక్కూమొహం తెలియని మనిషి నోట్లో నోరు పెట్టాలంటే చాలామంది ఆగిపోతారు. ఆ సంకోచంతో అసలేమీ చెయ్యకుండా నిలబడటం కన్నా నొక్కడం వెయ్యి రెట్లు మేలు.

సీఓఎల్ఎస్‌లో లోటు ఎక్కడుందో కూడా చెప్పాలి. నీళ్ళలో మునిగినవాళ్ళకి, పసిపిల్లలకి ముందు పోయేది ఊపిరి, ఆ తర్వాతే గుండె ఆగుతుంది. వాళ్ళకి నొక్కుళ్ళతోపాటు ఊపిరి కూడా ఇవ్వాలి. మీది గోదావరి గట్టో, కృష్ణా కాలవో, చెరువు పక్క ఊరో అయితే, విశాఖలో చదువుతూ వారం వారం బీచ్‌కి వెళ్ళే బ్యాచ్ అయితే, మీకు తర్వాత చెప్పే బీఎల్ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్) కావాలి. మునిగినవాళ్ళని భుజాన వేసుకుని తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం ఇంకా చాలా ఊళ్ళలో చేస్తున్నారు. దానివల్ల ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, విలువైన నిమిషాలూ పోతాయి. ఊపిరి ఇవ్వడం రాకపోతే మాత్రం, కనీసం నొక్కండి.

బీఎల్ఎస్: ఎవరికి తప్పనిసరి, ఎవరికి అక్కర్లేదు

ఎంబీబీఎస్, బీడీఎస్, నర్సింగ్, ఫిజియోథెరపీ, పారామెడికల్ చదివేవాళ్ళు ఈ భాగం జాగ్రత్తగా చదవండి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ బీఎల్ఎస్ దాదాపు ఒక పూట పడుతుంది. 30 నొక్కులకు 2 ఊపిరులు, ఊపిరి అందించే మాస్క్, బ్యాగ్ వాడటం, నాడి చూడటం, పిల్లలకీ పసికందులకీ ఎలా చెయ్యాలో, ఇద్దరు కలిసి ఎలా చెయ్యాలో, షాక్ ఇచ్చే ఏఈడీ మెషిన్ ఎలా వాడాలో, అన్నీ చేతులతో చేయించి, పరీక్ష పెట్టి పాస్ చేస్తారు. కార్డుకి రెండేళ్ళ గడువు. ఫీజు వేలల్లో ఉంటుంది, సెంటర్‌ని బట్టి మారుతుంది.

నా మూడోది ఇదే. ఏఈడీ ముట్టుకున్నది అప్పుడే. మూత తెరవగానే అదే మాట్లాడుతుంది, ప్యాడ్లు ఎక్కడ అంటించాలో బొమ్మతో సహా చూపిస్తుంది, షాక్ అవసరమో కాదో అదే తేలుస్తుంది. అక్కర్లేని మనిషికి షాక్ ఇవ్వదు. అంత సులువని అప్పటిదాకా తెలియక, ఎయిర్‌పోర్టులో గోడకున్న ఆ పెట్టెని చూసినప్పుడల్లా అది డాక్టర్లకోసం అనుకునేవాడిని.

ఎంబీబీఎస్ వాళ్ళకి 2019లో వచ్చిన కొత్త కరిక్యులమ్ నుంచి, చేరిన కొత్తలో జరిగే ఫౌండేషన్ కోర్సులోనే బీఎల్ఎస్ ఉంది. మీ కాలేజీలో అది నిజంగా బొమ్మ మీద జరిగితే, మొదటి ఏడాదిలో మళ్ళీ బయట డబ్బు కట్టొద్దు. హౌస్‌సర్జన్సీకి ముందు కార్డు తీసుకోండి, గడువు అప్పుడు పనికొస్తుంది. విదేశాలకు వెళ్ళే నర్సింగ్ విద్యార్థులు మాత్రం ఏ సంస్థ కార్డు అడుగుతున్నారో అక్కడి ఆస్పత్రినో యూనివర్సిటీనో ముందు కనుక్కుని, అదే చెయ్యండి. వెళ్ళే టైమ్‌కి గడువు ముగిసిన కార్డు చేతిలో పెట్టుకుని టెన్షన్ పడినవాళ్ళని చూశాను.

ఇక్కడే ఒక మోసం జరుగుతోంది. "గంటలో ఆన్‌లైన్ బీఎల్ఎస్ సర్టిఫికెట్" అని ప్రకటనలు వస్తుంటాయి. థియరీ ఆన్‌లైన్‌లో చదివే పద్ధతి నిజంగానే ఉంది కానీ, అందులో కూడా బొమ్మ మీద చేసి చూపించకుండా అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కార్డు రాదు. డబ్బు కట్టేముందు అది గుర్తింపు ఉన్న ట్రైనింగ్ సెంటరేనా అని అడగండి. కార్డు వచ్చాక దాని మీది నంబరును వాళ్ళ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

డిగ్రీ, ఇంజినీరింగ్, లా చదివేవాళ్ళకి బీఎల్ఎస్ తప్పు కాదు, కానీ తొందర లేదు. ఆ డబ్బు మీ ఇంట్లో సులువుగా వచ్చేది కాకపోతే అసలు పెట్టొద్దు. ఇక బీఎల్ఎస్ పై అంచె కోర్సు ఏసీఎల్ఎస్ అయితే ఈసీజీ చదవడం, మందులు ఇవ్వడం గురించి. అది డాక్టర్లకి, ఐసీయూ నర్సులకి. "రెండూ కలిపి ప్యాకేజీ" అని మొదటి సంవత్సరం విద్యార్థులకు అమ్మేవాళ్ళున్నారు, ఒప్పుకోకండి.

రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ ప్రథమ చికిత్స

ఇవి వేరే అవసరానికి. రక్తస్రావం, కాలిన గాయాలు, ఎముకలు విరగడం, పాముకాటు, విషం, వీటన్నిటి మధ్య సీపీఆర్ ఒక పాఠంగా వస్తుంది. ఐటీఐ, పాలిటెక్నిక్ చదివి ఫ్యాక్టరీల్లోకి వెళ్ళేవాళ్ళకి నేను ముందు దీన్నే చెప్తాను. ప్రథమ చికిత్స పెట్టె బాధ్యత ఆ శిక్షణ పొందిన మనిషి చేతిలోనే ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పేది, ఈ సర్టిఫికెట్‌కి పని దగ్గర విలువుంది. ట్రెక్కింగ్ చేసేవాళ్ళకి, ఎన్‌సీసీ వాళ్ళకి కూడా బాగుంటుంది. అయితే ఇన్ని పాఠాల్లో సీపీఆర్‌కి దక్కే సమయం బ్యాచ్‌ని బట్టి మారుతుంది. చేరేముందు బొమ్మలెన్ని, మనుషులెంతమంది అని అడగండి.

మోటార్ల దగ్గర కరెంట్ షాక్ గురించి ఈ శిక్షణలో తప్పకుండా అడిగి తెలుసుకోండి. మన పల్లెల్లో అది ఎక్కువ. ముందు మెయిన్ ఆపాలి, ఆ తర్వాతే మనిషిని ముట్టుకోవాలి. ఈ వరస తప్పి, కాపాడబోయినవాళ్ళు కూడా పోయిన ఇళ్ళున్నాయి.

శిక్షణకి వెళ్ళిన ప్రతిచోటా వచ్చే భయాలు రెండు

పక్కటెముక విరిగితే? విరగొచ్చు, ముఖ్యంగా పెద్దవయసు వాళ్ళకి. ఎముక అతుక్కుంటుంది. ఆగకుండా కొనసాగించాలి.

కేసు అవుతుందేమో? రోడ్డు ప్రమాదాల్లో సాయం చేసినవాళ్ళకి 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది. మంచి మనసుతో చేసిన సాయానికి సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదు, పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. ఇంట్లో, క్లాసులో, జిమ్‌లో పడిపోయిన మనిషి విషయంలో కూడా మీరు చెయ్యాల్సింది మారదు. 108కి ఫోన్ చేసి, స్పీకర్ ఆన్ చేసి, వాళ్ళు చెప్తుంటే నొక్కుతూ ఉండండి.

ఏది ఎంచుకున్నా, మూడు నుంచి ఆరు నెలల్లో చేతులు మరిచిపోవడం మొదలుపెడతాయి. అందుకే ఒక్కసారి పెద్ద కోర్సు చేసి వదిలేసినవాళ్ళ కంటే, రెండు గంటల శిక్షణ తీసుకుని ఏడాదికి రెండుసార్లు బొమ్మ మీద పది నిమిషాలు నొక్కేవాళ్ళ మీదే నాకు నమ్మకం ఎక్కువ.

మీ కాలేజీకి దీన్ని రప్పించడం కష్టం కాదు. ఎన్ఎస్ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసర్ ద్వారా దగ్గర్లోని మెడికల్ కాలేజీ అనస్థీషియా విభాగానికి ఒక ఉత్తరం రాయించండి. అక్టోబర్ 16 ప్రపంచవ్యాప్తంగా సీపీఆర్ నేర్పే రోజు, ఆ వారానికి అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఆరు వందలమందికి ఒకే పూట పెట్టమని అడగొద్దు. క్లాసు క్లాసుగా, నలభై మందికి ఆరు బొమ్మలు చొప్పున, ఎన్ని వారాలు పట్టినా సరే అని రాయండి. ఆ ఉత్తరంలో ఇంకొక్క మాట కూడా చేర్చండి. వచ్చిన ప్రతి విద్యార్థీ, వెనక వరసలో కూర్చున్నవాళ్ళతో సహా, పూర్తిగా రెండు నిమిషాలు నొక్కిన తర్వాతే సర్టిఫికెట్ ఇవ్వండి అని.